పర్లాకిమిడి నుంచి మాస్టర్ వారంట్ ఆఫీసర్ దాకా: ఎయిర్‌ఫోర్స్ ర్యాంకులు, ప్రమోషన్లు మెట్టు మెట్టుగా

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగిళ్లలో ప్లస్ టూ చదివే పిల్లలు ఎవరైనా "ఎయిర్‌ఫోర్స్‌కి పెడుతున్నా అన్నా" అంటే నేను మొదట అడిగేది ఒకటే. ఏ ర్యాంకులో చేరుతున్నావు, పదేళ్లకి ఏ ర్యాంకులో ఉండాలనుకుంటున్నావు? చాలామంది దగ్గర జవాబు ఉండదు. రన్నింగ్ టైమింగ్ తెలుసు, కటాఫ్ తెలుసు, ఏ యాప్‌లో మాక్ టెస్ట్ బాగుంటుందో తెలుసు, కానీ చేరాక ఎక్కాల్సిన మెట్లు మాత్రం తెలియవు. ఇప్పుడున్న పద్ధతిలో సెలెక్ట్ అయిన రోజుతో పోటీ అయిపోదు, అసలు పోటీ ఆ రోజే మొదలవుతుంది, నాలుగేళ్లు సాగుతుంది. ఈ సంగతి ముందే తెలిసి వెళ్లినవాడికీ, నాలుగో ఏడాదిలో తెలుసుకున్నవాడికీ చాలా తేడా వస్తుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు నిచ్చెన మొత్తం చూడు

వైమానిక దళంలో రెండు వేరు వేరు దారులున్నాయి. ఒకటి ఆఫీసర్లది. ఎన్‌డీఏ, సీడీఎస్, ఏఎఫ్‌క్యాట్ లాంటి పరీక్షలు రాసి, సెలెక్షన్ బోర్డు దాటి ఫ్లయింగ్ ఆఫీసర్‌గా మొదలవుతారు. యుద్ధ విమానం నడిపే పైలట్లు ఈ దారిలో వచ్చినవాళ్లే. రెండోది ఎయిర్‌మెన్ దారి. విమానం ఇంజిన్ విప్పి బిగించేది, రాడార్ చూసేది, ఆయుధాలు అమర్చేది, స్టోర్స్, అకౌంట్స్, మెడికల్, పోలీస్ పనులు నడిపేది వీళ్లే. "పైలట్ అవుతాను" అనుకుని అగ్నివీర్ వాయు (ఇప్పుడు ఎయిర్‌మెన్ వైపు చేరే దారి) ఫారం నింపే పిల్లలు ఇప్పటికీ కనబడుతున్నారు. తమ్ముడూ, నీ కల కాక్‌పిట్ అయితే ఈ ఫారం నీది కాదు, ఇంటర్ మ్యాథ్స్, ఫిజిక్స్‌తో ఎన్‌డీఏకి చదువు.

ఎయిర్‌మెన్ దారిలో రెగ్యులర్ ర్యాంకులు కింద నుంచి ఇలా ఉంటాయి: ఎయిర్‌క్రాఫ్ట్‌మన్, లీడింగ్ ఎయిర్‌క్రాఫ్ట్‌మన్, కార్పొరల్, సార్జెంట్, జూనియర్ వారంట్ ఆఫీసర్, వారంట్ ఆఫీసర్, మాస్టర్ వారంట్ ఆఫీసర్. మాట్లాడేటప్పుడు ఎవరూ పూర్తి పేర్లు అనరు, ఏసీ, ఎల్ఏసీ, జేడబ్ల్యూఓ, ఎండబ్ల్యూఓ అనే అంటారు. మన ఊళ్లలో ఆర్మీ వాళ్లు ఎక్కువ కాబట్టి దాంతో పోల్చి చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. కార్పొరల్ అంటే ఆర్మీలో నాయక్, సార్జెంట్ అంటే హవల్దార్, జూనియర్ వారంట్ ఆఫీసర్ నాయబ్ సుబేదార్, వారంట్ ఆఫీసర్ సుబేదార్, మాస్టర్ వారంట్ ఆఫీసర్ అయితే సుబేదార్ మేజర్. కార్పొరల్ చేతి మీద రెండు పట్టీలు, సార్జెంట్‌కి మూడు.

ఇక అగ్నివీర్ వాయు? అది పై వరుసలో ఎక్కడా లేదు, కావాలనే అలా పెట్టారు. 2022 జూన్ 14న అగ్నిపథ్ పథకం ప్రకటించినప్పటి నుంచి కొత్తగా చేరేవాళ్లు ముందు నాలుగేళ్లు ఈ ప్రత్యేక ర్యాంకులో ఉంటారు. అది ఉన్న ర్యాంకులన్నింటికీ వేరు. నాలుగేళ్ల తర్వాత ఆ బ్యాచ్‌లో గరిష్ఠంగా 25 శాతం మందిని మాత్రమే రెగ్యులర్ కేడర్‌లోకి తీసుకుంటారు. అంటే నేను చెప్పిన నిచ్చెన మీద కాలు పెట్టేది నలుగురిలో ఒకరు. ఈ లెక్క ఇంట్లో అమ్మానాన్నలకి కూడా విడమరిచి చెప్పు, "గవర్నమెంటు ఉద్యోగం వచ్చేసింది" అని వాళ్లు ఊరంతా చెప్పుకోకముందే.

మొదటి మెట్టు: అర్హత, అందులోనూ ఇంగ్లీషు

నోటిఫికేషన్ ఏటా రెండు ఇన్‌టేక్‌లకి వస్తుంది. వయసు పదిహేడున్నర నుంచి 21 మధ్య ఉండాలి, ఏ తేదీ నుంచి ఏ తేదీలోపు పుట్టి ఉండాలో నోటిఫికేషన్‌లోనే ఇస్తారు, ఆ తేదీలే చూసుకో. పెళ్లి అయి ఉండకూడదు, నాలుగేళ్ల లోపు చేసుకోకూడదు కూడా. ఆడపిల్లలు కూడా పెట్టుకోవచ్చు. 18 నిండకపోతే అమ్మానాన్నల సంతకం కావాలి.

సైన్స్ వైపు పెట్టేవాళ్లకి ప్లస్ టూలో మ్యాథ్స్, ఫిజిక్స్, ఇంగ్లీషు ఉండి మొత్తం మీద 50 శాతం, ఇంగ్లీషులో విడిగా 50 శాతం రావాలి. మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, ఆటోమొబైల్, కంప్యూటర్ సైన్స్, ఇన్‌స్ట్రుమెంటేషన్, ఐటీలో మూడేళ్ల డిప్లొమా చేసినా సరే, అక్కడా అదే శాతం. సైన్స్ కాని గ్రూపులకి ఏ గ్రూపైనా పర్వాలేదు, కానీ ఇంగ్లీషులో 50 వదలదు. మన వైపు ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంగ్లీషు పేపరు మాత్రం పాసైతే చాలనుకుని వదిలేయడం. 49.99 వచ్చినా దాన్ని 49గానే తీసుకుంటారు, 50 చేయరు, ఇది నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. ప్లస్ టూ ఫస్టియర్‌లో ఉన్న పిల్లలూ, మీకు చెప్పేది ఇదే: ఫిజిక్స్‌లో 80 తెచ్చుకుని ఇంగ్లీషులో 46 దగ్గర ఆగితే ఆ 80 ఇక్కడ పనికిరాదు. సప్లిమెంటరీ, ఇంప్రూవ్‌మెంట్ అంటూ ఏడాది పోగొట్టుకోకుండా ఇప్పుడే ఆ సబ్జెక్టు మీద కూర్చోండి.

పది పాసైనవాళ్లకి నాన్ కంబాటెంట్ అని వేరే దారి ఉంది, హాస్పిటాలిటీ, హౌస్‌కీపింగ్ పనులకి. దాని నోటిఫికేషన్ వేరు, ఎదుగుదల కూడా వేరు, రెండూ ఒకటే అని ఎవరైనా చెప్తే నమ్మకు.

రెండో మెట్టు: కాగితాలు

సరిహద్దు పిల్లలకి ఇది పరీక్ష కన్నా పెద్ద తలనొప్పి. పర్లాకిమిడిలో ఇల్లు, పాతపట్నంలోనో టెక్కలిలోనో ఇంటర్, రేషన్ కార్డు ఒడిశాది, పదో తరగతి సర్టిఫికెట్ ఆంధ్ర బోర్డుది. ఇలాంటి ఇళ్లు వందల్లో ఉన్నాయి. చదువు ఏ రాష్ట్రంలో అయినా అభ్యంతరం లేదు. కానీ రాత పరీక్ష తర్వాత షార్ట్‌లిస్ట్ రాష్ట్రాల వారీగా కటాఫ్ పెట్టి చేస్తారు కాబట్టి డొమిసైల్, అంటే స్థిర నివాసం, ఏ రాష్ట్రమో ఫారంలో రాసేటప్పుడే తేల్చుకోవాలి. నీ ఊరు ఒడిశాలో ఉంటే తహసీల్దార్ ఆఫీసు నుంచి రెసిడెంట్ సర్టిఫికెట్ ముందే తీసుకో. "ఆంధ్రలో కటాఫ్ తక్కువంట" అని ఎవరో చెప్పారని మేనమామ ఇంటి అడ్రస్ రాస్తే, వెరిఫికేషన్ నాడు కాగితాలు పొంతన లేక బయటికి పంపేస్తారు. రెండు రాష్ట్రాల్లో రెండు సర్టిఫికెట్లు పెట్టుకుని తిరగడం అసలు వద్దు.

ఇంకోటి, పేరు. ఆంధ్ర బోర్డు మార్కుల మెమోలో ఇంటిపేరు ముందు వస్తుంది, ఒడిశా ఆధార్‌లో చివర వస్తుంది. దానికి తోడు ఒడియా ఉచ్చారణలో 'వ' కాస్తా 'బ' అయిపోతుంది. ఇంట్లో వాసుదేవరావు అయినవాడు ఆధార్‌లో బాసుదేబ్ రావు అయి కూర్చుంటాడు, తండ్రి వెంకటరమణ పేరు ఒక కార్డులో బెంకట రమణ, ఇంకో దాంట్లో వి. రమణ. అన్నింటికీ పదో తరగతి సర్టిఫికెట్‌ని ఆధారంగా పెట్టుకో. అందులో నీ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో ఒక్క అక్షరం తేడా లేకుండా ఆధార్‌లో మార్పించు. నోటిఫికేషన్ వచ్చాక ఆధార్ సెంటర్ చుట్టూ తిరగడం కాదు, దసరా సెలవుల్లోనే ఈ పని ముగించెయ్. ఒరిజినల్ సర్టిఫికెట్లు కోచింగ్ వాళ్ల దగ్గర ఉంచమంటే ఉంచకు, ఎవరు ఎంత నమ్మకంగా అడిగినా సరే. డబ్బు తీసుకుని సెలెక్ట్ చేయిస్తామనేవాళ్లతో మాటే వద్దు.

మూడో మెట్టు: రాత పరీక్ష

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఫీజు 550 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ. సైన్స్ వాళ్లకి ఇంగ్లీషు, ఫిజిక్స్, మ్యాథ్స్ కలిపి 60 నిమిషాలు. సైన్స్ కానివాళ్లకి ఇంగ్లీషు, రీజనింగ్, జనరల్ అవేర్‌నెస్ కలిపి 45 నిమిషాలు. సైన్స్ చదివినవాళ్లు రెండూ కలిపి 85 నిమిషాల పేపరు రాసుకోవచ్చు, నా మాట వింటే అదే ఎంచుకో, ఒకే ఫారంతో రెండు అవకాశాలు. తప్పు జవాబుకి పావు మార్కు పోతుంది. సిలబస్ సీబీఎస్‌ఈ ప్లస్ టూ స్థాయి.

ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే వస్తుంది. తెలుగు, ఒడియా ఉండవు. ఒడియా మీడియంలో చదివినవాడికి ఫిజిక్స్ వచ్చినా ప్రశ్న అర్థం కావడానికే టైమ్ పోతుంది. ఇందుకు కొత్త పుస్తకాలు అక్కర్లేదు. ఎన్‌సీఈఆర్‌టీ ఫిజిక్స్ ఇంగ్లీషుది తీసుకుని ప్రతి చాప్టర్ చివరి ప్రశ్నలు పైకి చదువు, వాటిలో వచ్చే పదాలు నోట్ చేసుకో. మూడు నెలలు వదలకుండా చేస్తే చదివే వేగం దానంతటదే వస్తుంది.

నాలుగో మెట్టు: పరుగు, మెడికల్

షార్ట్‌లిస్ట్ అయ్యాక ఎయిర్‌మెన్ సెలెక్షన్ సెంటర్‌కి పిలుస్తారు. ఒడిశా వాళ్లకి భువనేశ్వర్‌లో సెంటర్ ఉంది. పిలుపు లెటర్‌లో ఉన్న చోటే చూసుకుని టికెట్ చేయించుకో. గుణుపురం, పర్లాకిమిడి లైను నౌపడ దగ్గర మెయిన్ లైనులో కలుస్తుంది, భువనేశ్వర్ వెళ్లాలంటే పలాస వెళ్లి ఎక్కడం చాలామందికి వీలు. ముందురోజే చేరుకో, రాత్రంతా జనరల్ బోగీలో నిలబడి వచ్చి తెల్లారి పరుగెత్తితే కాళ్లు మాట వినవు. ఒక విషయం, చిలికా సరస్సు దగ్గర ఉన్న ట్రైనింగ్ సెంటర్ నేవీది. దాన్ని ఎయిర్‌ఫోర్స్‌దనుకుని అక్కడికి వెళ్లి గేటు దగ్గర అడిగినవాళ్లున్నారు.

పరుగు 1.6 కిలోమీటర్లు, అబ్బాయిలకి 7 నిమిషాలు, అమ్మాయిలకి 8. తర్వాత అబ్బాయిలకి ఒక్కో నిమిషంలో 10 పుష్-అప్‌లు, 10 సిట్-అప్‌లు, 20 స్క్వాట్‌లు. అంకెలు చూస్తే తేలిగ్గానే ఉంటాయి, కానీ సిట్-అప్ సగం లేస్తే లెక్కలోకి రాదు, కాబట్టి ఇంట్లో ఎవరినైనా పక్కన కూర్చోబెట్టి సరిగ్గా చేసినవే లెక్కపెట్టించుకో. అడాప్టబిలిటీ టెస్టులు రెండుంటాయి. ఎడారిలోనూ, చలి కొండల్లోనూ, పదిమందితో ఒకే గదిలోనూ ఉండగలవా అనేది అందులో చూస్తారు. ఎవరో రాసిచ్చిన జవాబులు బట్టీ కొట్టకుండా నిజంగా నువ్వేం చేస్తావో అదే రాయి.

మెడికల్‌లో ఎత్తు కనీసం 152 సెంటీమీటర్లు, ఛాతీ విస్తరణ కనీసం 5 సెంటీమీటర్లు, ఒక్కో చెవికి ఆరు మీటర్ల దూరం నుంచి గుసగుస వినబడాలి, పళ్లకి కనీసం 14 డెంటల్ పాయింట్లు (గట్టిగా ఉన్న పళ్లని బట్టి వేసే లెక్క). వెళ్లేముందు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర చెవి గుబిలి తీయించుకో, పాడైన పళ్లు బాగుచేయించుకో. ఇక పచ్చబొట్లు. మన వైపు పిల్లలకి ఇది ముఖ్యం. మోచేతి లోపలి నుంచి మణికట్టు దాకా లోపలివైపు, లేదా అరచేతి వెనకవైపు ఉన్న పచ్చబొట్టుకి అనుమతి ఉంది. భుజం మీదో మెడ మీదో పేరు పొడిపించుకుంటే తిప్పి పంపేస్తారు. అయితే సవర లాంటి గిరిజన ఇళ్ల పిల్లలకి వాళ్ల ఆచారం ప్రకారం ఉన్న పచ్చబొట్లని ఒక్కొక్కరి విషయంలో విడిగా పరిశీలించే వీలుంది. కాబట్టి "నాకు నుదుటి మీద ఉంది, నేను పనికిరాను" అని ముందే మానేయకు చెల్లెమ్మా, తెగ సర్టిఫికెట్ పట్టుకుని వెళ్లు. అన్‌ఫిట్ అన్నా అప్పీల్ మెడికల్‌కి అడిగే హక్కు ఉంటుంది. దానికి గడువు తక్కువ, అక్కడే అడిగి తెలుసుకో.

ఐదో మెట్టు: ఆ నాలుగేళ్లు

ట్రైనింగ్ కర్ణాటకలోని బెళగావిలో మొదలవుతుంది. డ్రిల్, పరుగులు, క్రమశిక్షణ అయ్యాక పని నేర్పే శిక్షణ. జీతం మొదటి ఏడాది నెలకి 30 వేలు, రెండో ఏడాది 33 వేలు, మూడో ఏడాది 36,500, నాలుగో ఏడాది 40 వేలు. ఇందులో 30 శాతం సేవా నిధికి (నాలుగేళ్లయ్యాక ఒకేసారి చేతికిచ్చే డబ్బు) పోతుంది, కాబట్టి మొదటి ఏడాది చేతికి వచ్చేది 21 వేలు, చివరి ఏడాది 28 వేలు. నీ వాటా నాలుగేళ్లకి 5.02 లక్షలు, ప్రభుత్వం అంతే కలుపుతుంది, 10.04 లక్షలు, దాని మీద వడ్డీ. పన్ను లేదు. ఏడాదికి 30 రోజుల సెలవు, 48 లక్షల బీమా, దానికి నువ్వు కట్టేదేం లేదు. పింఛను, గ్రాట్యుటీ మాత్రం ఈ నాలుగేళ్లకి లేవు. మధ్యలో ఇష్టం లేదని వచ్చేయడం కూడా కుదరదు, ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప.

25 శాతంలో ఉండాలంటే ఏం చేయాలి? నాలుగేళ్లూ నీ పని, నీ పరీక్షలు, నీ ఫిట్‌నెస్, నీ ప్రవర్తన రికార్డు అవుతూనే ఉంటాయి, చివర్లో మెరిట్ అక్కడి నుంచే వస్తుంది. అంటే మూడేళ్లు సర్దుకుపోయి నాలుగో ఏడాది కష్టపడతానంటే లాభం లేదు.

పని ఎలా ఉంటుందో ఒక చిన్న సంగతి చెప్తాను. విమానం దగ్గర పని మొదలెట్టేముందు టూల్ బాక్స్ తెరిచి ఒక్కో స్పానర్, స్క్రూడ్రైవర్ లెక్కపెడతారు, ఒక్కోదానికి దాని ఆకారంలోనే గాడి ఉంటుంది. పని అయ్యాక మళ్లీ లెక్క. ఒక్క గాడి ఖాళీగా ఉందంటే, ఆ పనిముట్టు దొరికేదాకా విమానం ఎగరదు. నేను పనిచేసినప్పుడు రాత్రి షిఫ్టు ముగిసిపోయినా టార్చిలైటు పట్టుకుని హ్యాంగర్ అంతా వెతుకుతూ ఉండేవాళ్లం, ఎవరూ రూముకి వెళ్లేవారు కాదు. ఆ సమయంలో "నా చేతిలోంచే పడి ఉంటుంది సర్, ఇంజిన్ కుడివైపు పనిచేశాను" అని ముందుకొచ్చి చెప్పే కుర్రాణ్ని సీనియర్లు గుర్తుపెట్టుకుంటారు. దాచినవాణ్ని కూడా గుర్తుపెట్టుకుంటారు. ఇక్కడ నిజాయితీ అనేది మంచితనం కోసం చెప్పే మాట కాదు, ఒక పైలట్ ప్రాణం దాని మీద ఉంది.

ఇంకో రెండు పనులు ఈ నాలుగేళ్లలోనే చెయ్. హిందీ ధాటిగా మాట్లాడటం మొదటి ఆరు నెలల్లో నేర్చుకో. ఒడిశాలో పెరిగినందుకు మనవాళ్లకి హిందీ కాస్త తొందరగానే పడుతుంది, దాన్ని వాడుకో. రెండోది డిగ్రీ. అగ్నివీరుల కోసం ఇగ్నో ప్రత్యేకంగా డిగ్రీ పెట్టింది, అందులో సగం క్రెడిట్లు నీ శిక్షణకే వస్తాయి. లోపల ఉండిపోయినా బయటికి వచ్చినా అది పనికొస్తుంది.

ఆరో మెట్టు: రెగ్యులర్ అయ్యాక ప్రమోషన్లు

రెగ్యులర్‌గా తీసుకుంటే కనీసం మరో 15 ఏళ్ల సర్వీసు. ఇక్కడి నుంచి పాత ఎయిర్‌మెన్ నియమాలే. పే లెవెల్స్ చూస్తే ఏసీ, ఎల్ఏసీలకి లెవెల్ 3, బేసిక్ 21,700 నుంచి. కార్పొరల్ లెవెల్ 4, 25,500. సార్జెంట్ లెవెల్ 5, 29,200. జేడబ్ల్యూఓ లెవెల్ 6, 35,400. వారంట్ ఆఫీసర్ లెవెల్ 7, 44,900. మాస్టర్ వారంట్ ఆఫీసర్ లెవెల్ 8, 47,600. వీటి మీద నెలకి 5,200 మిలిటరీ సర్వీస్ పే, డీఏ, మిగతా అలవెన్సులు.

సార్జెంట్ దాకా ప్రమోషన్ ఎక్కువగా సర్వీసు కాలం మీద, ప్రమోషన్ పరీక్షల మీద నడుస్తుంది. పరీక్ష పాసవకపోతే ఏళ్లు గడిచినా పట్టీ రాదు, నీ బ్యాచ్‌వాళ్లు పైన, నువ్వు కింద. కార్పొరల్ అయ్యాక నీ సంతకానికి విలువ మొదలవుతుంది, నువ్వు చేసిన పనికే కాదు, నీ కింద కుర్రాడు చేసిన పనికి కూడా నువ్వు జవాబు చెప్పాలి. సార్జెంట్ అయ్యాక మెస్ మారుతుంది, ఎయిర్‌మెన్ మెస్ నుంచి సీనియర్ ఎన్‌సీఓల (సార్జెంట్ స్థాయివాళ్ల) మెస్‌కి వెళ్తావు, మాట విలువా మారుతుంది.

అసలు వడపోత జేడబ్ల్యూఓ దగ్గర. అక్కడి నుంచి ఖాళీలు చూస్తారు, మెరిట్ చూస్తారు. ఏటా పైవాళ్లు రాసే అసెస్‌మెంట్, మెడికల్ కేటగిరీ (ఆరోగ్యాన్ని బట్టి ఇచ్చే గ్రేడు), క్రమశిక్షణ రికార్డు అన్నీ లెక్కలోకి వస్తాయి. సెలవు అయిపోయాక రెండు రోజులు ఆలస్యంగా రిపోర్ట్ చేయడం, యూనిట్ బయట గొడవ, ఇవి కుర్రతనంలో చిన్నవిగా కనబడతాయి. రికార్డులో రెడ్ ఇంక్ ఎంట్రీ, అంటే పెద్ద శిక్ష నమోదు, పడిందంటే మాత్రం అది చాలా ఏళ్లు వెంట వస్తుంది. జాతరకి ఇంకో రెండు రోజులు ఉండిపొమ్మని ఇంట్లో అడిగినా ఆగకు.

ప్రమోషన్ రాకుండా ఆగిపోయినవాళ్లకి ఒక ఊరట ఉంది. 8, 16, 24 ఏళ్ల దగ్గర ఎంఏసీపీ అనే పథకం కింద పై లెవెల్ జీతం ఇస్తారు, ర్యాంకు మారకపోయినా. పింఛనుకి కనీసం 15 ఏళ్ల అర్హత సర్వీసు కావాలి. పైకి ఎక్కినవాళ్లు 57 ఏళ్ల దాకా ఉండే అవకాశం ఉంది. మాస్టర్ వారంట్ ఆఫీసర్లలో కొందరికి సర్వీసు చివర్లో గౌరవ ఫ్లయింగ్ ఆఫీసర్, గౌరవ ఫ్లైట్ లెఫ్టినెంట్ హోదా ఇస్తారు. ఇంకా ముందే ఆఫీసర్ కావాలనుకుంటే సర్వీసులో ఉండగానే కమిషన్ పరీక్షలకి, సెలెక్షన్ బోర్డుకి వెళ్లే దారి ఉంది. డిగ్రీ ముందే చెయ్యమన్నది అందుకే.

25 శాతంలో రాకపోతే

ఇది చెడు మాట కాదు, నలుగురిలో ముగ్గురికి జరిగేదే, కాబట్టి మూడో ఏడాదిలోనే ప్లాన్ పెట్టుకో. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో, అస్సాం రైఫిల్స్‌లో మాజీ అగ్నివీరులకి 10 శాతం రిజర్వేషన్, వయసులో సడలింపు 2022లోనే ప్రకటించారు. ఒడిశా ప్రభుత్వం కూడా 2024లో రాష్ట్ర యూనిఫాం సర్వీసుల్లో 10 శాతం, వయసులో ఐదేళ్ల సడలింపు ప్రకటించింది. నీ డొమిసైల్ ఒడిశా అయితే ఇది నీకు పెద్ద ఆసరా. వచ్చేటప్పుడు స్కిల్ సర్టిఫికెట్ తప్పకుండా తీసుకో, అందులో నువ్వు నేర్చిన పని స్పష్టంగా రాసి ఉందో లేదో అక్కడే చదువుకో. బయట కంపెనీలో అడిగేది "ఎయిర్‌ఫోర్స్‌లో ఉన్నావా" అని కాదు, "ఏం బాగుచేయగలవు" అని.

సేవా నిధి డబ్బు పడ్డ వారంలోనే బంధువులకి ఒక్కసారిగా స్థలాలు, బళ్లు, చిట్టీలు గుర్తొస్తాయి. తర్వాతి ఉద్యోగం ఆర్డర్ చేతికి వచ్చేదాకా ఆ డబ్బు నీ పేరు మీదే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి ఉంచు, ఇంటి ఖర్చుకి వడ్డీ మాత్రమే తీసుకో. ఖాళీగా ఉన్న ఆ నెలల్లో వచ్చే పోలీసు, కేంద్ర బలగాల నోటిఫికేషన్‌లు ఒక్కటి కూడా వదలకుండా దరఖాస్తు పెట్టు. పరుగు మాత్రం ఒక్క రోజు కూడా ఆపకు, ఆ పరీక్షల్లో కూడా ముందు పరుగే అడుగుతారు.